ఇండియానా టైటిల్ గెలిచాక రిక్రూటింగ్ స్టార్లకు విలువ మిగిలిందా?

బ్లూమింగ్‌టన్ వాసి
జనవరి 25, 2026

జనవరి 19 రాత్రి మయామీ గార్డెన్స్‌లో ఇండియానా యూనివర్సిటీ జట్టు 27-21తో మయామీని ఓడించి కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్‌లో జాతీయ చాంపియన్ అయింది. 16 ఆటలాడి 16 గెలిచింది. దారిలో ఒహాయో స్టేట్‌ను 13-10తో, అలబామాను 38-3తో, ఆరెగాన్‌ను 56-22తో మట్టి కరిపించింది. నేను ఇండియానాలో ఎం.ఎస్. చదివే రోజుల్లో శనివారం ఆటకు టికెట్లు ఊరికే ఇస్తామన్నా తీసుకునే నాథుడు ఉండేవాడు కాదు. అలాంటి జట్టు ఇది.

అసలు విషయానికి వస్తాను. బడ్ ఎలియట్ అనే విశ్లేషకుడు ప్రచారంలోకి తెచ్చిన బ్లూచిప్ రేషియో ఇక్కడ చాలామందికి తెలుసు. గత నాలుగేళ్లలో హైస్కూళ్ల నుంచి తీసుకున్న కుర్రాళ్లలో సగానికి మించి నాలుగు, ఐదు స్టార్ల వాళ్లు ఉంటేనే టైటిల్ వస్తుందన్నది ఆ సూత్రం. ఇన్నేళ్లూ అది తప్పలేదు. ఏటా ఆ గీత దాటే జట్లు 20 కూడా ఉండవు. ఇండియానా ఆ గీత దరిదాపుల్లో లేదు. ఏడాది మేటి ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టును నడిపేవాడు) ఫెర్నాండో మెండోసాను హైస్కూల్లో పెద్ద జట్లు పట్టించుకోలేదు. మొదట యేల్‌కు వెళ్లడానికి ఒప్పుకుని, చివరికి కాలిఫోర్నియాలో చేరి, అక్కడి నుంచి మా దగ్గరికి వచ్చాడు.

మరి ఏటా డిసెంబరులో సంతకాల రోజున ఎవరికి ఎన్ని స్టార్లు దక్కాయని లెక్కబెట్టుకుంటూ కూర్చోవడంలో అర్థముందా? నా మట్టుకు నాకు లేదనిపిస్తోంది.


కొలంబస్ శ్రీను

ముందు అభినందనలు అన్నా. ఆ 13-10 ఆట మా ఒహాయో స్టేట్ వాళ్లకు ఇంకా మింగుడుపడలేదు.

కానీ ఒక్క ఏడాది చూసి సూత్రాన్నే కొట్టిపారేయడం నాకు నచ్చలేదు. 2018 క్లెమ్సన్, 2019 ఎల్‌ఎస్‌యూ, 2020 అలబామా, 2021, 2022 జార్జియా, 2023 మిషిగన్, 2024 ఒహాయో స్టేట్: అందరూ ఆ గీత పైవాళ్లే.

మా 2024 జట్టునే తీసుకోండి. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి కేలబ్ డౌన్స్, క్విన్‌షాన్ జడ్కిన్స్, విల్ హోవర్డ్ వచ్చారు. ఆ జట్టుకు దాదాపు 2 కోట్ల డాలర్లు ఖర్చయిందని మా అథ్లెటిక్ డైరెక్టరే చెప్పారు. అందరూ ఆ డబ్బు గురించే మాట్లాడారు. కానీ ఆ జట్టు నడుం ఎవరు? జాక్ సాయర్, జేటీ టుయిమొలోవావ్, ఎమెకా ఎగ్‌బూకా, ట్రెవియన్ హెండర్సన్. నలుగురూ 2021లో హైస్కూల్ నుంచి నేరుగా వచ్చిన ఐదు స్టార్ల కుర్రాళ్లు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిపోయే అవకాశం ఉండి కూడా నాలుగో ఏడాదికి ఆగారు. స్టార్లు లేకపోతే ఆ నలుగురూ లేరు.


హైదరాబాద్ నుంచి కిరణ్

నేను ఎన్‌ఎఫ్‌ఎల్ మాత్రమే చూస్తాను, కాలేజీ ఆట కొత్త. ఈ స్టార్లు ఎవరిస్తారు? మన ఎంసెట్ ర్యాంకు లాంటిదా?


అంకెల ఆనంద్

కిరణ్ గారూ, ఎంసెట్‌తో ఒక పోలిక ఉంది, ఒక పెద్ద తేడా ఉంది. మంచి ర్యాంకు తెచ్చుకున్నవాళ్లంతా మంచి ఇంజినీర్లు కాకపోయినా, మొత్తం మీద చూస్తే ర్యాంకు ఏదో ఒకటి చెబుతుంది. అంతవరకు పోలిక. తేడా ఏమిటంటే ఎంసెట్లో అందరికీ ఒకటే ప్రశ్నపత్రం. ఇక్కడ ఫ్లోరిడాలో ఆడే కుర్రాడూ మోంటానాలో ఆడే కుర్రాడూ ఒకరికొకరు ఎదురుపడకుండానే పక్కపక్కన ర్యాంకుల్లో కూర్చుంటారు. వాళ్ల ఆట వీడియోలు, క్యాంపుల్లో కొలతలు, పరుగు పందెం సమయాలు చూసి 247స్పోర్ట్స్, ఆన్3, ఈఎస్‌పీఎన్ లాంటి సంస్థల వాళ్లు రేటింగు ఇస్తారు. వాటన్నిటినీ కలిపి తీసిన సగటే 247 వాళ్ల కాంపోజిట్. అందరూ ఎక్కువగా ఉటంకించేది దాన్నే.

ఐదు స్టార్లు ఏటా సుమారు 32 మందికే ఇస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (ఆ జట్లు ఏటా కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండ్‌లో ఎంపికలు 32 కాబట్టి ఆ లెక్క. నాలుగు స్టార్ల వాళ్లు కొన్ని వందలు. ఆ కిందంతా మూడు స్టార్ల జనసముద్రం.

జట్టు ర్యాంకులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. తీసుకున్న ప్రతి కుర్రాడి పాయింట్లనూ సమానంగా కలపరు. పైనున్న ఆటగాళ్ల పాయింట్లు దాదాపు పూర్తిగా లెక్కలోకి వస్తాయి, కిందికి వెళ్లేకొద్దీ వాటి బరువు తగ్గిపోతుంది. కాబట్టి ఇరవైమంది మామూలు ఆటగాళ్లను పోగేసి పై ర్యాంకు కొట్టేయడం కుదరదు. ఇది మంచి పద్ధతే. కానీ ఆ పాయింట్లకు స్థానాలతో పని లేదు. ఐదుగురు మేటి రిసీవర్లను తీసుకుని క్వార్టర్‌బ్యాక్‌ను కాచే లెఫ్ట్ టాకిల్‌ను ఒక్కరిని కూడా తీసుకోకపోయినా ర్యాంకు తళతళలాడుతుంది. సెప్టెంబరులో క్వార్టర్‌బ్యాక్ నేల మీద పడి ఉంటాడు.

బ్లూమింగ్‌టన్ వాసి గారికి ఒక మాట. "మొదటి రౌండ్‌లో మూడు స్టార్ల వాళ్లు ఎంతమంది ఉన్నారో చూడండి" అనే వాదన తరచూ వింటుంటాం. నిజమే, ఉన్నారు. వేలమందిలోంచి వచ్చారు కాబట్టి ఉన్నారు. తలకు ఎంత అవకాశమని లెక్కిస్తే ఐదు స్టార్ల కుర్రాడికీ మూడు స్టార్ల కుర్రాడికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం. జోష్ అలెన్ కథ అందరికీ ఇష్టమే: హైస్కూల్ తర్వాత పెద్ద కాలేజీల నుంచి ఒక్క ఆఫర్ కూడా లేదు, రీడ్లీ జూనియర్ కాలేజీలో ఆడి వయోమింగ్ చేరాడు. అలాంటి కథను నమ్ముకుని ఏ కోచ్ అయినా జట్టుకు కావలసిన 105 మందిని పోగుచేయగలడా?


కాలేజ్ స్టేషన్ మురళి

స్టార్ల గురించి మా టెక్సాస్ ఏ&ఎం వాళ్ల కన్నా ఎక్కువ చూసినవాళ్లు ఉండరు. 2022లో మాది దేశంలో మొదటి ర్యాంకు. అప్పటివరకు 247 కాంపోజిట్ లెక్కలో అంతటి క్లాస్ (ఒక ఏడాది చేర్చుకున్న కుర్రాళ్ల బృందం) ఎవరికీ రాలేదు. ఐదు స్టార్ల వాళ్లే ఎనిమిదిమంది. అదే ఏడాది సొంత మైదానంలో అపలాచియన్ స్టేట్ చేతిలో 17-14తో ఓడి, సీజన్ మొత్తానికి 5 గెలుపులు, 7 ఓటములతో ముగించాం. మరుసటి ఏడాది నవంబరులో కోచ్ జింబో ఫిషర్‌ను తీసేశారు. ఒప్పందం ప్రకారం ఆయనకు ఇవ్వవలసి వచ్చింది 7.5 కోట్ల డాలర్లకు పైమాటే.

ఇక్కడితో ఆగిపోతే "చూశారా, స్టార్లు ఉత్తుత్తివే" అంటారు. కొంచెం ముందుకు వెళ్లండి. ఆ క్లాస్‌లోని వాల్టర్ నోలెన్, షెమార్ స్టీవర్ట్ 2025 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో వరుసగా 16, 17 స్థానాల్లో ఎంపికయ్యారు. అంటే ఆ ఇద్దరి విషయంలో స్టార్లు ఇచ్చినవాళ్ల అంచనా వమ్ము కాలేదు. కానీ నోలెన్ పేరు చదివినప్పుడు పక్కన ఉన్నది ఓల్ మిస్ కాలేజీ పేరు. ఎవన్ స్టీవర్ట్ ఆరెగాన్‌కు పోయాడు. ఎల్‌టీ ఓవర్టన్ అలబామాకు, ఆంథనీ లూకస్ యూఎస్‌సీకి, డెన్వర్ హ్యారిస్ ఎల్‌ఎస్‌యూకి, క్వార్టర్‌బ్యాక్ కానర్ వైగ్‌మన్ హ్యూస్టన్‌కు. కడుపు తరుక్కుపోతుంది ఆ జాబితా చూస్తే.

ర్యాంకు కొలిచేది గుమ్మం దాటి లోపలికి వచ్చినవాళ్లను. మూడో ఏడాదికి లాకర్ గదిలో ఎవరు మిగిలారన్నది అది కొలవదు. నా బాధంతా అక్కడే. స్టార్లు ఇచ్చేవాళ్ల మీద నాకు కోపం లేదు.


జార్జియా లక్ష్మి

మురళి గారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. మా జార్జియా 2021 డిఫెన్స్‌ను గుర్తు చేసుకోండి. 2022 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఒకే కాలేజీ నుంచి ఐదుగురు డిఫెన్స్ ఆటగాళ్లు వెళ్లారు. అంతకుముందు ఎవరికీ దక్కని ఘనత అది. ట్రావన్ వాకర్ ఏకంగా మొదటి పిక్. వీళ్లలో ఎవరూ వచ్చిన రోజు నుంచే మొత్తం ఆట ఆడినవాళ్లు కారు. ముందు వరుసలో పెద్దవాళ్లు అలసిపోయినప్పుడు ఒక పది ప్లేల కోసం దిగడం, మళ్లీ బెంచీ మీద కూర్చోవడం, చలికాలమంతా బరువులెత్తడం. మా కోచ్ కర్బీ స్మార్ట్ దగ్గర ఐదు స్టార్ల కుర్రాడికి దొరికే మొదటి పాఠం ఓపిక.

అదే జట్టు క్వార్టర్‌బ్యాక్ స్టెట్సన్ బెనెట్ స్కాలర్‌షిప్ లేకుండా వాకాన్‌గా వచ్చినవాడు. మధ్యలో మిసిసిపీలోని జూనియర్ కాలేజీకి వెళ్లి తిరిగివచ్చాడు. రెండు టైటిళ్లు గెలిచాడు. వాకాన్ గెలిపించాడని చెప్పుకోవడం బాగుంటుంది. కానీ అతని చుట్టూ ఉన్నవాళ్లంతా ఎవరు? 2023 జనవరిలో టీసీయూ మీద 65-7. టీసీయూ ఆ ఏడాది ఎంతో అందంగా ఆడింది, వాళ్లంటే నాకు గౌరవం. కానీ రెండో క్వార్టర్‌కే వాళ్ల లైన్ చేతులెత్తేసింది. ఇరవై మంది పెద్దశరీరాలు వంతులవారీగా వచ్చి మీద పడుతుంటే పది మంది ఎంతసేపు నిలబడగలరు?


బ్లూమింగ్‌టన్ వాసి

లక్ష్మి గారూ, మంచి మాట చెప్పారు. ఆ ఓపికను మా కోచ్ వేరే దారిలో సంపాదించారు.

కర్ట్ సిగ్నెటి 2023 నవంబరు చివర్లో జేమ్స్ మాడిసన్ నుంచి వచ్చారు. వస్తూ అక్కడి ఆటగాళ్లను పదిమందికి పైగా వెంటబెట్టుకొచ్చారు. లైన్‌బ్యాకర్ ఐడెన్ ఫిషర్, కార్నర్ డీఏంజెలో పాండ్స్, ఎడ్జ్ మికాయిల్ కమారా, రిసీవర్ ఎలైజా సరాట్. వీళ్లెవరూ హైస్కూల్లో పేరున్నవాళ్లు కారు. కానీ ఆయన పద్ధతులు వాళ్లకు కొట్టినపిండి. సెంటర్ పాట్ కూగన్ నోటర్‌డేమ్ నుంచి, రన్నింగ్‌బ్యాక్ రోమన్ హెంబీ మేరీలాండ్ నుంచి వచ్చారు. ఆయన చూసేది ఒక్కటే: ఇప్పటికే కాలేజీ స్థాయిలో ఆడి చూపించాడా లేదా. పద్దెనిమిదేళ్ల కుర్రాడి మీద పందెం కాయడం కన్నా ఇరవై రెండేళ్లవాడు మూడేళ్లుగా చేసిన ట్యాకిళ్లు లెక్కబెట్టడం తేలిక కదా?

ఇంకో సంగతి. ఇదే సిగ్నెటి 2007 నుంచి 2010 వరకు అలబామాలో కోచ్ నిక్ సేబన్ దగ్గర రిక్రూటింగ్ బాధ్యతలు చూశారు. స్టార్ల విలువ తెలియక వదిలేసిన మనిషి కాదు. స్టార్లు కొనే స్తోమత లేనిచోట ఏం చేయాలో తెలిసిన మనిషి.

ఫైనల్లో నాలుగో డౌన్ (ఆఖరి ప్రయత్నం) మీద మెండోసా బంతి పట్టుకుని మధ్యలోంచి దూసుకెళ్లి, గుద్దులు తింటూ గాల్లోకి ఎగిరి ఎండ్‌జోన్‌లో పడ్డాడే, ఆ పరుగుకు ఎన్ని స్టార్లు ఇస్తారు?


టలహాసీ ప్రసాద్

పోర్టల్‌తోనే అన్నీ అయిపోతాయనుకునేవాళ్లు మా ఫ్లోరిడా స్టేట్‌ను చూడాలి. 2023లో కాన్ఫరెన్స్ టైటిల్‌తో కలిపి 13-0. క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ లూయివిల్ నుంచి, జేరెడ్ వర్స్ ఆల్బనీ నుంచి, కియాన్ కోల్మన్ మిషిగన్ స్టేట్ నుంచి వచ్చినవాళ్లే. ట్రావిస్ కాలు విరగడంతో మమ్మల్ని టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌లోకి తీసుకోలేదు. ఆ అన్యాయం గురించి రాయడం మొదలుపెడితే తెల్లారిపోతుంది, వదిలేస్తాను. ఆ తర్వాత అందరూ ఒక్కసారే ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిపోయారు. ఖాళీలు మళ్లీ పోర్టల్‌తోనే నింపారు. 2024లో 2 గెలుపులు, 10 ఓటములు.

ఒకే సంవత్సరంలో 13-0 నుంచి 2-10కి పడిపోవడం ఊరికే జరగదు. ఇరవై రెండేళ్లవాళ్లను తెచ్చుకుంటే వాళ్లు ఏడాదో రెండేళ్లో ఉంటారు. వాళ్ల వెనక నేర్చుకుంటూ నిలబడిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఉండాలి. మాకు అక్కడ ఎవరూ లేరు. ఇండియానాకు వచ్చే రెండేళ్లలో అసలు పరీక్ష ఇదే. మెండోసా, ఫిషర్, కూగన్ వెళ్లిపోతున్నారు కదా.


బ్లూమింగ్‌టన్ వాసి

> వాళ్ల వెనక నేర్చుకుంటూ నిలబడిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఉండాలి

ఇది ఒప్పుకోవలసిన మాటే ప్రసాద్ గారూ. అందుకే మాకు ఇప్పుడు హైస్కూల్ రిక్రూటింగ్ కూడా కావాలి. టైటిల్ చూసి మంచి కుర్రాళ్లు వస్తారు. అయినా నా పట్టు వదలను. వాళ్లను ఎంచుకోవలసింది సిగ్నెటి కంటితో, వెబ్‌సైట్ రేటింగుతో కాదు.


అంకెల ఆనంద్

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈ లెక్క పూర్తికాదు.

2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద సంపాదించుకోవచ్చు. అదే ఏడాది నుంచి ఒకసారి కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోనక్కర లేదు. 2024 నుంచి ఎన్నిసార్లు మారినా అంతే. ఈ రెండూ ఒకేసారి రావడంతో పాత లెక్కలన్నీ తలకిందులయ్యాయి. 2025 జూన్‌లో ఆటగాళ్లు వేసిన హౌస్ కేసు రాజీకి జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదం తెలిపాక కాలేజీలే నేరుగా చెల్లించడం మొదలైంది. 2025-26కు ఒక్కో కాలేజీ పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు, అదీ అన్ని ఆటలకూ కలిపి. ఫుట్‌బాల్‌కు సింహభాగం. 85 స్కాలర్‌షిప్పుల పరిమితి పోయి, మొత్తం జట్టు 105 మందికి మించకూడదన్న నియమం వచ్చింది.

ఇప్పుడు రోస్టర్ (జట్టు జాబితా) కట్టేవాళ్లు మొదట వేసుకునే ప్రశ్న "ఈ కుర్రాడికి ఎన్ని స్టార్లు" కాదు, "ఈ స్థానానికి మన దగ్గర ఎంత ఉంది". క్వార్టర్‌బ్యాక్, లెఫ్ట్ టాకిల్, ఎడ్జ్, కార్నర్ దగ్గర పెట్టిన డబ్బు ఆటను మారుస్తుంది. మూడో రన్నింగ్‌బ్యాక్ దగ్గర పెట్టింది బూడిదలో పోసిన పన్నీరు. పెద్ద జట్లలో ఇప్పుడు జనరల్ మేనేజర్ అనే పదవే వచ్చింది, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో లాగా.

ర్యాంకులు చదివేవాళ్లకు ఒక సూచన. హైస్కూల్ ర్యాంకు ఒక్కటే చూడకండి. పోర్టల్ ర్యాంకు పక్కన పెట్టుకోండి. మూడోది ఎవరూ వేయరు, మీరే వేసుకోవాలి: నిరుడు ఆడిన ఆఫెన్సివ్ లైన్‌లో (క్వార్టర్‌బ్యాక్‌ను కాచే ముందు వరుసలో) ఎంతమంది తిరిగి వస్తున్నారో లెక్కబెట్టండి.


ఫ్రిస్కో నాన్న

ఇప్పటివరకు చదువుతూ ఉన్నాను, మా ఇంట్లో నడుస్తున్న కథే ఇది కాబట్టి రాస్తున్నాను. మా అబ్బాయి పదకొండో తరగతి, ఆఫెన్సివ్ లైన్‌లో గార్డ్ ఆడతాడు. టెక్సాస్‌లో శుక్రవారం రాత్రి ఆటంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర లేదు.

కిందటి జూన్‌లో ఒక క్యాంపుకు తీసుకెళ్లాను. ఎండ మండిపోతోంది. ముందు చెప్పులు విప్పించి గోడకు ఆనించి ఎత్తు కొలిచారు. తర్వాత చేతులు బార్లా చాపించి ఒక వేలి చివరి నుంచి ఇంకో వేలి చివరిదాకా. తర్వాత అరచెయ్యి బల్ల మీద చాపించి బొటనవేలు నుంచి చిటికెన వేలి వరకు. బరువు మాత్రం ఊరికే చూసి రాసుకున్నారు, "అది మేం పెంచుకుంటాం" అన్నట్టుగా. ఒక కోచ్ మావాడి మడమల దగ్గర కూర్చుని, గుంజీలు తీయించి, మడమలు పైకి లేస్తున్నాయో లేదో చూశాడు. చివరికి నా దగ్గరకు వచ్చి మా నాన్నగారి ఎత్తెంత అని అడిగాడు. మా నాన్న తెనాలిలో వడ్ల మిల్లు నడిపేవారు, ఆరడుగుల రెండంగుళాల మనిషి. చెప్పగానే ఆయన కాగితం మీద గుర్తు పెట్టుకున్నాడు. నేను ఎప్పటికీ మరచిపోను.

ఆ మైదానంలో రేటింగులిచ్చేవాళ్లు ఒక్కరూ కనబడలేదు. సెప్టెంబరులో ఒక మధ్యస్థాయి కాలేజీ ఆఫర్ ఇచ్చాక వారం తిరగకముందే ఒక వెబ్‌సైట్లో మావాడి పేరు మీద పేజీ వెలసింది, మూడు స్టార్లు. అంటే ముందు ఆఫర్, తర్వాత స్టార్లు. ఇప్పుడు ఒక పెద్ద కాలేజీ వాళ్లు స్కాలర్‌షిప్ లేకుండా వాకాన్‌గా రమ్మంటున్నారు. వాడి మనసంతా అక్కడే ఉంది. నాకు పాలుపోవడం లేదు. పెద్దలు ఏమంటారు?


జార్జియా లక్ష్మి

అన్నయ్య గారూ, చదువుతుంటే ఎంత సంతోషమేసిందో. మనవాళ్ల పిల్లాడు లైన్‌లో ఆడుతున్నాడంటే!

లైన్‌మన్ విషయంలో స్టార్లను అసలు పట్టించుకోకండి. పదిహేడేళ్లకు 270 పౌండ్లున్న కుర్రాడు ఇరవై ఏళ్లకు 310 పౌండ్లతో అదే చురుకుతో కదులుతాడా లేదా అన్నది ఎవరూ చెప్పలేరు. అన్ని స్థానాల్లోకీ ఊహించడం కష్టమైనది అదే. ఆ కోచ్ మడమలు చూశాడు, తాతగారి ఎత్తు అడిగాడు. ఆయనకు తన పని తెలుసు.


కాలేజ్ స్టేషన్ మురళి

నా సలహా ఆఫర్ ఇచ్చిన కాలేజీ. పెద్ద జట్టు పేరు చొక్కా మీద ఉంటే అందంగానే ఉంటుంది. కానీ 105 మంది నియమం వచ్చాక ముందు కత్తి పడింది వాకాన్ల మీదే. పాతరోజుల్లో 120 మంది ఉండే జట్లలో మూడేళ్లు ఎదిగే తీరిక దొరికేది. స్టెట్సన్ బెనెట్ ఇప్పుడు వచ్చి ఉంటే ఎంతకాలం ఉంచేవారో ఆలోచించండి.


బ్లూమింగ్‌టన్ వాసి

నాదీ అదే మాట. జేమ్స్ మాడిసన్‌లో ఆడిన కుర్రాళ్లు జాతీయ చాంపియన్లయ్యారు. చిన్న జట్టులో మైదానం మీద గడిపిన రెండేళ్లు మీవాడి చేతిలో ఉంటే, పెద్దవాళ్లు పోర్టల్ ద్వారా వాళ్లే వెతుక్కుంటూ వస్తారు. బెంచీ మీద కూర్చున్నవాడి కోసం ఎవరూ రారు.


కొలంబస్ శ్రీను

నేను మాత్రం పెద్ద జట్టును అప్పుడే కాదనను. మంచి లైన్ కోచ్ దగ్గర రోజూ మేటి డిఫెన్స్‌ను ఎదుర్కొంటూ సాధన చేస్తే వచ్చే ఎదుగుదల వేరు. కానీ వెళ్లే ముందు కొన్ని అడగాలి. 105 మందిలో చోటు ఖాయమా, లేక ఆగస్టులో చూద్దామంటున్నారా? స్కాలర్‌షిప్ ఎప్పటికి ఇస్తారు, ఆ మాట కాగితం మీద పెడతారా? గత రెండేళ్లలో గార్డ్ స్థానానికి పోర్టల్ నుంచి ఎంతమందిని తెచ్చారు? మూడో ప్రశ్నకు జవాబు వాళ్లను అడగక్కర లేదు, జట్టు వెబ్‌సైట్లో రోస్టర్ తీసి ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో చూస్తే చాలు. లైన్ అంతా బయటినుంచి వచ్చిన ఐదో ఏడాది వాళ్లతో నిండి ఉంటే, మీవాడిని సాధనలో అడ్డుగోడగా వాడుకోవడానికే పిలుస్తున్నట్టు. సొంతంగా పెంచిన మూడో ఏడాది వాళ్లు ఇద్దరు ముగ్గురు ఆడుతుంటే మాట్లాడటానికి వెళ్లండి.


ఫ్రిస్కో నాన్న

రోస్టర్ ఇప్పుడే తీసి చూశాం. మొదటి వరుసలో ఐదుగురిలో నలుగురు పోర్టల్ నుంచి వచ్చినవాళ్లు. మావాడు పక్కనే కూర్చుని చూశాడు, ఏమీ అనలేదు. ఆ మధ్యస్థాయి కాలేజీ వాళ్లకు వచ్చే శనివారం వస్తామని ఫోను చేయమన్నాడు.